కోట గోడలో నలభై ఏళ్ల మాట

రోజూ తొమ్మిదింటికల్లా అన్సెల్మ్ కోట తలుపులు తీసి, మెట్లు ఊడ్చి, ఫ్రాన్స్‌లో ల్వార్ నది పక్క వైన్ పల్లెలు చూసుకుంటూ వచ్చే యాత్రికుల కోసం నిలబడతాడు. వాళ్లు రాగానే అదే మాట చెబుతాడు: "కొండ కింద పీపాలు దాచే గుహలున్నాయే, ఈ రాయంతా అక్కడ తవ్వి తెచ్చిందే. అందుకే గుహలో అన్న మాట నలభై ఏళ్లకి ఈ గోడలో వినబడుతుంది."

ఊళ్లో అందరికీ తెలిసిందే. గుహలో ఎవరూ పోట్లాడుకోరు. తిట్టుకోవాలంటే బయటికొచ్చి అక్రోటు చెట్టు కింద తిట్టుకుంటారు.

బ్రిటనీ నుంచి ద్రాక్షకోతకు కొత్తగా వచ్చిన ఏడాది అన్సెల్మ్‌కి ఆ సంగతి తెలీదు. తనకి పనిచ్చిన ఇంటి అమ్మాయి ఒడెట్ వాళ్ల గుహలో ఒంటరిగా పీపాలు కడుగుతూ, మనసులో మాట పైకే అనేశాడు. ఆ వారమే ఒడెట్‌కి పెళ్లి కుదిరింది. గుహ సంగతి తెలిశాక, గోడ పలికే రోజున తను తప్ప ఎవరూ వినకూడదని కోటలో పనికి చేరాడు. తీరా ఇప్పుడు ఆ తేదీ మరిచిపోయాడు. ఏమన్నాడో కూడా సరిగ్గా గుర్తులేదు.

ఒడెట్ భర్త పోయి ఆరేళ్లయింది. ఇల్లూ తోటా అమ్మేసి, శనివారం నాంత్ పట్నంలో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోతోంది. గురువారం పొద్దున, యాత్రికులకు రుచి చూపించే సీసాలు ఆఖరిసారి తెచ్చింది.

"ఏమోయ్, మళ్లీ బొత్తాలు ఎగుడుదిగుడుగా పెట్టుకున్నావు. ఇకమీదట నీకెవరు చెబుతారు?"

"యాత్రికులు నవ్వుతారుగా ఒడెట్ గారూ. అప్పుడు తెలుస్తుంది."

ఆమె బొత్తాలు సరిచేస్తుండగా పొయ్యి పక్క గోడలోంచి పీపా కడిగే చప్పుడు, ఆ వెనకే బ్రిటనీ యాసలో ఒక కుర్రవాడి గొంతు.

"ఒడెట్ వేలు తెగితే నా రుమాలు చుట్టుకుంది. ఉతికి ఇస్తానంది. ఇవ్వకపోతే బాగుండు. ఒడెట్, నువ్వున్న ఊళ్లోనే ఉండిపోతాను. ఏ పనైనా చేసుకుంటాను."

అన్సెల్మ్ గోడకి వీపు ఆనించాడు, మాటని కప్పేద్దామన్నట్టు. అప్పటికే అయిపోయింది.

"ఇన్నేళ్లూ ఈ మెట్లు ఊడ్చింది ఇందుకా?" అంది ఒడెట్.

"మీరు వినకూడదనుకున్నాను."

"రుమాలు తిరిగిచ్చానా?"

"గుర్తులేదండీ."

"నాకుంది. ఇవ్వలేదు." ఆమె సీసాల బుట్ట కింద పెట్టింది. "జవాబు గుహలోకెళ్లి చెప్పమంటావా?"

"అంతకాలం నేనుండను."

"అయితే ఇక్కడే చెబుతాను. నీ ఇంట్లో రెండో కుర్చీ ఉందా?"

"ఉంది. దాని మీద బట్టలు వేస్తుంటాను."

"శనివారంలోగా తీసేయ్."

"మరిచిపోతానేమో."

"నేనొచ్చి తీస్తాన్లే," అంది ఒడెట్.