తోక దించిన డకోటా

రఘునాథపల్లి దగ్గర హైవే పక్కన యుగేందర్ పెట్టిన హోటల్ ఒక పాత డకోటా విమానంలో ఉంది. ఎనభై ఏళ్ల కిందట ఇరవై మందిని ఎక్కించుకుని తిరిగిన విమానం అది. వేలంలో కొని, రెక్కలు ఊడదీసి లారీల మీద తెచ్చి, ఇక్కడ మళ్లీ బిగించారు.

దానికి రెక్కల కింద రెండు పెద్ద చక్రాలు, తోక కింద ఒక చిన్న చక్రం. అందుకే ముక్కు పైకెత్తుకుని నిలబడుతుంది. లోపల నేల కూడా తోక నుంచి ముందుకు ఎగువే. మొదటి రోజే సాంబారు గిన్నెలు వెనక్కి జారిపోయాయి. వచ్చినవాళ్లు నవ్వారు. యుగేందర్‌కు నవ్వు రాలేదు. బల్లలు చేసిన జనగామ వడ్రంగి అబ్దుల్ గనీ వాటి కాళ్లు కోసి సరిచేస్తానన్నాడు. యుగేందర్ వినకుండా క్రేన్ తెప్పించి, తోక పైకి లేపించి, కింద ఇనుప స్టాండు పెట్టించాడు. నేల చదునైంది.

మరునాడు అతని తల్లి కట్టమ్మ వచ్చింది. ఒక్కసారైనా విమానంలో కూర్చోవాలని ఆమె కోరిక. కానీ ఎక్కే తలుపు తోక దగ్గరే ఉంది. తోకతోపాటు అదీ మనిషెత్తు దాటిపోయింది. మోకాళ్ల నొప్పితో ఆమె ఇనుప నిచ్చెన మూడో మెట్టు మీదే ఆగింది. కాసేపు పట్టుకుని నిలబడి, దిగి, బయట కుర్చీలో కూర్చుంది. కొడుకు తెచ్చిన చాయ్ తాగలేదు.

గనీ యుగేందర్‌ను పక్కకు పిలిచాడు. విమానం బిగించిన మెకానిక్‌ను అడిగి అతను అన్నీ తెలుసుకుని ఉన్నాడు.

"ముందట తిరిగే పంకలు నేలకు తాకొద్దని ముక్కు లేపిన్రు. తోక కిందికున్నది కాబట్టి ఎక్కేటోళ్లకు తలుపు అందుతది. గాలిలకు పోయినంకనే ఇది సాపుగైతది. ఇగ ఇది ఎగిరేది లేదు గద, యుగేందర్. దించు."

"మరి గిన్నెలు, గనీ భాయ్?"

"గవి నాకిడిసిపెట్టు."

యుగేందర్ తల్లివైపు చూశాడు. మధ్యాహ్నానికి మళ్లీ క్రేన్ వచ్చింది.

గనీ నాలుగు రోజులు కూర్చుని బల్లలకూ కుర్చీలకూ విమానం ముక్కువైపున్న కాళ్లు కోసి పొట్టి చేశాడు. తలుపు దగ్గర నాలుగు వెడల్పాటి మెట్లు కట్టాడు. కట్టమ్మ కొడుకు భుజం పట్టుకుని ఎక్కింది. కుర్చీలు పట్టుకుంటూ ఎగువకు నడిచి, మూడో బల్ల దగ్గర ఆయాసంతో కూర్చుంది. పైలట్ కూర్చునే చోటు ఇంకా ముందుందని యుగేందర్ చెప్పాడు.

"నేనీడ్నే కూసుంట, బిడ్డా. ఆడేమున్నదో నువ్వు చూసొచ్చి చెప్పు," అంది ఆమె.