ఇంజెక్టర్ మందు మూడో సీసా

2023 ఆగస్టు 9, ఉదయం 9:40. రువైస్ నుంచి అబూధాబి ఎయిర్‌పోర్టుకు వెళ్తున్న కంపెనీ కారు దారిలో ఆగిపోయింది. నడుపుతున్నవాడు గంగాప్రసాద్. వెనక సీట్లో భూమేశ్ ఉన్నాడు. అతని అన్న భోజన్న శవపేటిక 1:05 విమానంలో హైదరాబాద్ వెళ్తుంది. తోడుగా భూమేశ్ ఎక్కాలి.

ఆ కారు నెలరోజులుగా కుదుపుతోంది. గ్యారేజీకి పంపమని గంగాప్రసాద్ మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ ముదీర్, అంటే కంపెనీ మేనేజర్, ఇంజెక్టర్లు శుభ్రం చేసే మందు సీసా చేతిలో పెట్టి, "పెట్రోల్లో పొయ్యి, ఖలాస్" అన్నాడు.

రికవరీ బండితో వచ్చిన నెల్లూరు మెకానిక్ నూర్ మొహమ్మద్ కారంతా చూశాడు, గంగాప్రసాద్ చూపించిన మందు సీసా కూడా చూశాడు.

"పెట్రోల్ పంపు పోయింది భాయ్. ఇంజెక్టర్లో మురికుంటే ఈ మందు కాస్తో కూస్తో పనిచేస్తాది. పంపు చెడితే డ్రమ్ము పోసినా ఇంతే."

గంగాప్రసాద్ ముదీర్‌కు ఫోన్ చేశాడు.

"సార్, నీ మూడు సీసాలు తాగి బండి రోడ్డు మీద పన్నది. పీనుగు ఎంబడి ఎవరు పోవాలె? నువ్వు పోతవా?"

"మందు నువ్వే సరిగా పోసి ఉండవు" అన్నాడు ముదీర్.

"సీసా నీ నోట్ల పోసేది ఉండె!"

కంపెనీ పంపిన రెండో కారు పదకొండున్నరకు వచ్చింది. విమానం 1:05కు భోజన్న పెట్టెతో బయలుదేరింది. భూమేశ్ ఎయిర్‌పోర్టు కౌంటర్ దగ్గరికి చేరేసరికి 1:20 అయింది.