హైమ వాళ్ళ ఇంటికప్పు

తొంభయ్యారు నవంబరు తుఫాను తర్వాత కోనసీమలో పొగమంచుకు కూడా మర్యాద పోయింది. అంతకుముందు కొబ్బరిచెట్ల తలల్లో కాసేపు ఆగి, నెమ్మదిగా కిందికి దిగేది. ఇప్పుడు చెట్లకు తలలు లేవు కదా, ఎవరినీ అడక్కుండా నేరుగా వీరలక్ష్మి వరండాలోకి వచ్చి కూర్చుంటోంది.

వీరలక్ష్మి కథలు రాసేది ఆ వరండాలోనే. తెల్లవారుజామున లేచి, భర్త హరిబాబు మఫ్లరు చెవులకు చుట్టుకుని, కుంపటి మీద కాఫీకి నీళ్ళు పడేసేది. అవి కాగేలోపు ఒక పేజీ. తర్వాత పాలు, వంట, తోటలో పనివాళ్ళకు అన్నాలు. మధ్యాహ్నం వంటింటి గుమ్మంలో ఇంకో అరపేజీ. రచయిత్రి అనగానే మేడమీద గది, కిటికీలోంచి గోదావరి ఊహించుకునేవాళ్ళు ఒక్కసారి వచ్చి, ఆ చలిలో ఆ కుంపటి ఊది చూడాలి. అయినా ఏళ్ళ తరబడి ఏ చలికాలమూ ఆవిడ కలం ఆపలేదు. ఆ గర్వం ఆవిడకు బాగానే ఉంది. ఉండాలి కూడా.

ఆ ఏడు మాత్రం కలం ఆగిపోయింది. అప్పటికి ఒక వారపత్రికలో ఆవిడ సీరియల్ నడుస్తోంది. హైమ అనే పిల్ల పెళ్ళిచూపుల గొడవ, కడుపుబ్బ నవ్వించే కథ. హైమకు సంబంధం కుదిరిన చోట ఆపింది. ఊళ్ళో మనుషులు పోయారు, ఇళ్ళు పోయాయి, ఇంకా నవ్వులేమిటని తనమీద తనకే రోత పుట్టింది.

అంతలో ఎడిటరుగారి కార్డు వచ్చింది. "తుఫాను మీ ప్రాంతానిదే కదా, సీరియల్లోకి తీసుకురండి" అని. ఆ మాట వీరలక్ష్మికి నచ్చింది. కాఫీనీళ్ళు ఇగిరిపోతున్నా చూసుకోకుండా రాసేసింది. హైమ వాళ్ళ ఇంటికప్పు ఎగిరిపోయింది. పెళ్ళి ఆగిపోయింది. చదువుకుంటే తనకే ఒళ్ళు జలదరించింది. ఇన్నేళ్ళలో ఇంత బాగా రాయలేదని ఆవిడకు తెలిసిపోయింది.

అయితే ఆవిడ రాసింది ముందుగా వినేది ఎడిటరు కాదు, పెరట్లో పనిచేసుకునే ఆడవాళ్ళు. అది మొదటినుంచీ ఉన్న అలవాటు. వింటూ చేతులు ఆపితే ఆ చోటు పండినట్టు, కబుర్లలో పడితే కొట్టేయాల్సినట్టు. ఆ చలికాలం వాళ్ళు చేస్తున్నది ఆకు అల్లడం. పడిపోయిన చెట్ల మట్టలన్నీ ఎవరికి కావలసినవి వాళ్ళు తీసుకోమన్నాడు హరిబాబు. ఎండలో కూర్చుని, మట్టను నిలువునా చీల్చి, గుడిసెల మీదికి కొబ్బరాకు అల్లుకుంటున్నారు.

వీరలక్ష్మి పీట వాల్చుకుని చదివింది. కప్పు ఎగిరే చోటికి వచ్చేసరికి అందరి చేతులూ ఆగిపోయాయి. ఆవిడ మనసు పొంగిపోయింది.

చదవడం అయ్యాక కాంతం గొంతు సవరించుకుంది. తుఫాను రాత్రి ఇల్లు కూలి, పిల్లల్ని స్కూల్లో పడుకోబెట్టుకుంటున్న మనిషి.

"అమ్మగారండీ, ఇది పత్రికోళ్ళకి పంపేసేరాండి?"

"లేదు. రేపు పోస్టు చెయ్యాలి. ఏం, బాగాలేదా?"

"బాగుందండి. మాది అచ్చంగా అలాగే ఎగిరిందండి." కాంతం ఒళ్ళోని ఆకు పక్కన పెట్టింది. "మా కప్పులు ఎలాగూ పోయేయండి. ఆ ఒక్క ఇంటికప్పూ ఉండనివ్వండి. అది మీ చేతిలోదే కదండీ."

"ఆయ్, ఆ పిల్లకి పెళ్ళి చేసేయండమ్మగారూ" అన్నారు మిగతావాళ్ళు.

వీరలక్ష్మికి చెడ్డకోపం వచ్చింది. తన జన్మలోకెల్లా మంచి రాత, అవతల పారేయమంటున్నారు. విసురుగా లోపలికి వెళ్ళి మజ్జిగ చిలకడం మొదలుపెట్టింది. వెన్న తేలేసరికి కోపం కరిగింది. తుఫాను సంగతి వీళ్ళకు తను కొత్తగా చెప్పేదేముంది? వీళ్ళకు ఇంకా నిలబడివున్న ఇల్లు హైమ వాళ్ళదొక్కటే. దాన్ని కట్టింది తను. ఆ మాట అనుకోగానే నవ్వించడం చిన్నపని అనుకున్నందుకు సిగ్గేసింది, వెంటనే చెప్పలేనంత గర్వమూ కలిగింది.

పెరట్లోకి తిరిగొచ్చి, "సరే, పెళ్ళిభోజనంలో ఏం వడ్డించమంటారో చెప్పండి" అంది.

ఇక చూడాలి. పనసపొట్టు కూర లేకుండా పెళ్ళేమిటని ఒకరు, కందాబచ్చలి ఉండాల్సిందేనని ఒకరు, బూరెలు వేడిగా ఉండాలని ఇంకొకరు. తోటలో మిగిలిన కాయలు ఏరుకుంటున్న హరిబాబు కూడా ఆగాడు. "బూరెల్లోకి నెయ్యి ధారాళంగా పోయించు, లేకపోతే నన్నంటారు" అన్నాడు, కూతురి పెళ్ళి చేస్తున్నవాడిలా. ఆ పూట తుఫాను మాట ఎవరూ ఎత్తలేదు.

వేళ్ళు కొంకర్లు పోతుంటే కుంపటి మీద కాచుకుంటూ హైమ పెళ్ళి రాసింది వీరలక్ష్మి. "తుఫాను ఏదండీ?" అని ఎడిటరుగారు ఇంకో కార్డు రాశారు. "మా ఊళ్ళో ఉందండి, కథలోకి రానివ్వను" అని జవాబిచ్చింది. ఆయన వేసుకున్నారు. మాఘమాసంలో పత్రిక రాగానే పెరట్లో అందరికీ చదివి వినిపించింది. బంతి మధ్యలో బూరెలు మారు వడ్డించే చోట పకపకా నవ్వారు.

మర్నాడు కాంతం ఒక్కతే వచ్చింది. ఉతికిన చీర కట్టుకుంది. చేతిలో పళ్ళెం, అందులో పసుపు, కుంకం, తమలపాకులు, ఆకుపచ్చ జాకెట్టు ముక్క.

"ఏమిటి కాంతం ఇది?"

"హైమమ్మగారి పెళ్ళికి చదివింపులండి."

వీరలక్ష్మి కలం కింద పెట్టింది. "హైమ అనే పిల్ల ఎక్కడా లేదు కాంతం. నేను రాసిందే" అంది.

"ఆ మాత్రం తెలీదేటండి" అంది కాంతం, పళ్ళెం రెండు చేతులతో అందిస్తూ. "అయినా బంతిలో కూర్చుని భోంచేసేం కదండీ."