వంటమ్మ నాలుక

మనిషికి కాలు విరిగితే ఊరంతా పరామర్శకు వస్తుంది గానీ, నాలుక చచ్చిపోతే ఎవడికి పట్టింది? పెద్ద క్యాంటీన్‌లో వండే వంటమ్మకు విషజ్వరం వచ్చింది. పోతూ పోతూ ఆ మాయదారి జ్వరం ఆవిడ నోటి రుచినంతా మూటగట్టుకుపోయింది. ఉప్పేదో పంచదారేదో తెలియని వంటమనిషి ఎవరికి కావాలి? యజమాని మంచివాడే. "సెలవు తీసుకోమ్మా, రుచి తెలిశాకే రా," అన్నాడు. తెలియకపోతే ఏమిటన్నది ఆయనా చెప్పలేదు, ఆవిడా అడగలేదు.

"పద, సముద్రం చూసొద్దాం," అన్నాడు భర్త. గడియారాలు బాగుచేసే మనిషి, మాటల్లో మహా పొదుపు.

వాళ్లు వెళ్లిన ఊరు చిన్నది. వీధి నిండా ఇసుక, గోడల మీద ఆరేసిన వలలు, సందు దాటితే సముద్రం. గది అద్దెకిచ్చిన ఇంటావిడే వండిపెట్టేది. దిగిన రోజే వంటమ్మ కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని నీళ్లలోకి వెళ్లి, దోసెడు నోట్లో పోసుకుంది. ఉహూఁ! అంత సముద్రంలోనూ ఆవిడ పాలిట చిటికెడు ఉప్పు లేకపోయింది. గట్టున కూలబడి బావురుమంది. ఆయన పక్కనే కూర్చున్నాడు.

ఆ తర్వాత ఏడుపు మాని చుట్టుపక్కలంతా తిరిగారు. దీపస్తంభం ఎక్కి ఆయాసపడ్డారు. ఒక పడవవాడు ఊరికే ఎక్కించుకుని ఊరి పక్కన సముద్రంలో కలిసే ఏటి అవతలి ఒడ్డు చూపించాడు. పొయ్యి ముట్టించని పొద్దు ఆవిడ చూడటం పెళ్లయ్యాక అదే మొదలు. పూటపూటా ఇంటావిడ వడ్డిస్తుంటే, "నీ చేతి వంట అమృతం చెల్లీ," అనేది. రుచి తెలిసి కాదు. కూర్చోబెట్టి పెట్టే చేతిని మెచ్చుకోక ఏం చేస్తుంది?

బయల్దేరే రోజు మధ్యాహ్నం, మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే వంటమ్మ మొహం వంకర్లు పోయింది.

"ఛీ ఛీ! ఉప్పు కషాయం!"

అరిచాక గానీ ఏమన్నదో తనకే తెలియలేదు. కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. ఇంకో ముద్ద పెట్టుకుంది, ఉప్పే. మరో ముద్ద. ఉప్పే, తల్లీ, ఉప్పే!

ఇంటావిడ గరిటెతో అలాగే నిలబడిపోయింది. "అదేంటక్కా, రోజూ ఇంతే వేస్తున్నా గదా! నిన్నటిదాకా అమృతమన్నావ్!"

"రోజూనా?" వంటమ్మ భర్త వైపు తిరిగింది. ఉప్పు రవ్వంత ఎక్కువైతే ఇంట్లో కంచం పక్కకు నెట్టే మనిషి, ఇక్కడ నిమ్మకు నీరెత్తినట్టు తింటున్నాడు. "ఏవండీ, ఇన్నాళ్లూ ఇదే తిన్నారా? ఒక్కమాటైనా అనలేదేం?"

"అంటే, నీకు తెలియట్లేదని మళ్లీ గుర్తుచేసినట్టు కాదూ?" అన్నాడాయన.

వంటమ్మ లేచి వెళ్లి, చెంబెడు మంచినీళ్లు తెచ్చి ఆయన చేతికిచ్చింది.