జొన్నల గాదెలో తుపాకీ

గిడ్డమ్మ మొగుణ్ని పగోళ్లు చంపారని ఊరంతా అంటుంది. చంపింది తానేనని గిడ్డమ్మ నమ్మకం. ఇరవై ఆరేళ్లుగా ఆ మాట గొంతు దాటి రాలేదు.

గట్టు తగాదా ముదిరినప్పుడు ఆమె మొగుడు బొజ్జన్న ఎవడి దగ్గరో పాత రివాల్వర్, నాలుగు కొత్త రకం తూటాలు సంపాదించాడు. ఎవణ్నో కాల్చి జైలుకు పోతాడని ఆమె భయం. అతను బేతంచెర్లకు బండల పనికి పోయిన పూట, తుపాకీ పేలకుండా, తూటాను కొట్టే దాని సుత్తి ముక్కును ఇంట్లో ఉన్న ఆకురాయితో అరగదీసింది. ఆడదాని తెలివి, అంతకంటే ఏం తోస్తుంది! వారం తిరక్కుండానే చేలో ఆరుగురు చుట్టుముట్టారు. బొజ్జన్న రెండుసార్లు నొక్కాడట, పేలలేదట. అక్కడికక్కడే నరికేశారు. పోలీసులు వచ్చేలోపు మరిది ఆ తుపాకీని తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. జొన్నల గాదె అడుగున దాచింది. అప్పటి నుంచి ఏడుపు లేదు, నవ్వు లేదు. రాయికి చీర చుట్టినట్టు బతుకుతోంది.

ఈ ఏడు గాదె పగలగొడుతుంటే అది కొడుకు హనుమేష్ చేతికి చిక్కింది. స్టేషన్లో అప్పజెప్పే ముందు అదేం తుపాకో కనుక్కుందామని కర్నూలులో జయరాజ్ ఇంటికి బయలుదేరాడు. ముప్పై ఏళ్లు పోలీసు తుపాకులు బాగుచేసి రిటైరైన మనిషి ఆయన. నేనూ వస్తానని గిడ్డమ్మ బస్సెక్కింది.

జయరాజ్ కిరసనాయిలు గుడ్డతో తుడిచి, అటూ ఇటూ తిప్పి చూశాడు.

“అబ్బో! నూటయాభై ఏండ్ల ముసల్ది ఇది. తూటాలు పెట్టే ఈ చక్రం అంచున గాట్లు చూడప్పా. ఆ కాలంలో తూటాకే పక్కన చిన్న మేకు ఉంటాండె. అది ఈ గాట్లోంచి బైటికొస్తాది. సుత్తి ఆ మేకును కొడితేనే పేలేది. ఆ తూటాలు మా తాత నాడే పోయినాయి.”

“ఇప్పటి తూటాలు పెడితే?” అంది గిడ్డమ్మ.

“తుస్సే! సుత్తి వాటికి అందనే అందదు. ఎవురో పని లేనోడు దీని ముక్కు గూడా అరగదీసినాడు.”

“నేనే సారూ.”

హనుమేష్ తల్లి వైపు తిరిగాడు. జరిగిందంతా ఆమె పొడిపొడిగా నాలుగు ముక్కల్లో చెప్పింది. జయరాజ్ గుడ్డ పక్కన పెట్టాడు.

“శానా కాలం మోసినావు తల్లీ. నువ్వు ముట్టుకోకున్నా ఇది పేలేది కాదు. నీ తప్పేం లేదు. ఇంక దించుకో.”

లోపల ఏదైనా కదులుతుందేమోనని గిడ్డమ్మ కాసేపు చూసుకుంది. ఏమీ కదల్లేదు.

“ఇది పేలదని నాకు తెల్సు సారూ. ఆయప్పకు తెల్దు. ఇదుందనే ధైర్యంతో సేనికి పోతాంటే, సద్ది కట్టిచ్చి పంపించినా.”