బియ్యం డ్రమ్ములో సీసా

గాజుగ్లాసులో గుప్పెడు పుదీనా ఆకులు, వాటి మీద నిమ్మముక్కలు, చెంచాడు పంచదార వేసి సత్యవేణి పప్పుగుత్తితో మెదుపుతోంది. పక్కన స్టూలు మీద కూర్చున్న హైమ, తాను చనిపోయిన మనిషినన్న సంగతే పట్టనట్టు, కాళ్ళు ఊపుకుంటూ ఆ గ్లాసులోకే చూస్తోంది.

"అలా నూరెయ్యకక్కా. పచ్చడి కాదది. ఆకు నలిగితే చాలు, చితికితే చేదొచ్చేస్తుంది."

సత్యవేణి చెయ్యి తేలిక చేస్తుంది. ఇది పై వాటాలో హైమ వంటిల్లే, కాకినాడలో అన్నదమ్ములిద్దరూ కలిసి కట్టుకున్న ఇంటి మేడమీది వంటిల్లే, కానీ కిటికీ ఉండాల్సిన చోట గోడ లేదు, అక్కడినుంచి కోరింగ మడచెట్లూ వాటి మొదళ్ళ చుట్టూ కదలకుండా నిలబడ్డ ఆకుపచ్చ నీళ్ళూ కనిపిస్తున్నాయి, గచ్చు పడవలా మెల్లగా ఊగుతోంది, అయినా సత్యవేణికి అదేమీ వింతగా లేదు. వింతల్లా హైమ జడే. ఆస్పత్రిలో ఆ జడ విప్పి ముడి వేసింది తనే. మళ్ళీ ఇంత నున్నగా ఎవరు అల్లారో అడగాలనుకుంటుంది, నోరు మాత్రం సోడా ఎక్కడుందని అడుగుతుంది.

వాళ్ళిద్దరూ తోడికోడళ్ళు. కింద ఒకరు, పైన ఒకరుగా ఇరవై ఏళ్ళకు పైగా కాపురాలు చేశారు. అన్నదమ్ములు పెయింట్ల కొట్టుకు వెళ్ళిపోయాక మధ్యాహ్నాలు వీళ్ళవి. విశాఖపట్నంలో ఎవరిదో రిసెప్షన్‌లో హైమ ఈ పానీయం చూసింది. మెనూ చూసి మోజిటో అంటే, తెచ్చిచ్చిన సర్వరు మొహీటో అని దిద్దాడట. ఇంటికొచ్చాక, తనకు మాత్రం మోజిటో అంటేనే బాగుందనీ, అందులో మోజు ఉందనీ చెప్పి నవ్వింది. ఆ వారమే కుండీలో పుదీనా కాడలు గుచ్చింది. రమ్ము లేకుండా సోడా, ఐసు వేసి చేసుకునేవాళ్ళు. కానీ ఎప్పటికైనా అసలుది తాగి తీరాలన్నది హైమ పంతం. ఒకరోజు ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి యానాం వెళ్ళి, చిన్న తెల్ల రమ్ము సీసా కొని, తువ్వాలులో చుట్టి తెచ్చి బియ్యం డ్రమ్ము అడుగున దాచింది. మగవాళ్ళు సరుకు కోసం విజయవాడ వెళ్ళిన రోజున తియ్యాలనుకున్నారు. వాళ్ళు వెళ్ళకముందే హైమకు జ్వరం వచ్చింది.

"సీసా ఏదక్కా?" అంటోంది హైమ ఇప్పుడు, ఖాళీ చెయ్యి చాపి.

ఈ సంగతి సత్యవేణి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెబుతోంది. హైమను ఆస్పత్రి నుంచి చివరిసారి ఇంటికి తెచ్చిన రోజు, దహనం అయ్యాక బంధువులందరికీ వండాలని ఆడవాళ్ళు బియ్యం కోసం మేడ మెట్లెక్కుతుంటే, తను వాళ్ళకంటే ముందు పరిగెత్తి, మోచెయ్యి దాటేదాకా డ్రమ్ములో చెయ్యి దింపి వెతికింది. దొరికాక కుళాయి తిప్పి, సీసా అంతా సింకులో ఒంపేసింది. ఆ వాసన పోవడానికి ఒక కట్ట అగరొత్తులు వెలిగించింది. చూసినవాళ్ళు సత్యవేణికి ఎంత భక్తో అనుకున్నారు. పోయిన మనిషి గురించి ఆ పూట ఎవరూ ఒక్క మాట అనకూడదు, అదొక్కటే తన ఆలోచన. ఏడవడం కూడా ఆ తరవాతే గుర్తొచ్చింది.

హైమ పగలబడి నవ్వుతుంది. ఆ నవ్వుకు గచ్చు ఇంకా ఊగుతుంది, స్టూలు బస్సు సీటు అవుతుంది, అరల్లోని స్టీలు డబ్బాలు గలగలలాడతాయి, మడచెట్లు వెనక్కి వెళ్ళడం మొదలుపెడతాయి. గ్లాసు మాత్రం సత్యవేణి చేతిలోనే ఉంది.

"చుక్కయినా తాగలేదా?"

"మూత వాసన చూశాను."

"ఎలా ఉంది?"

"ఇంజక్షను చేసే ముందు రాస్తారే, ఆ దూదిలా ఉంది."

హైమ మొహం ఒక్కసారి చిన్నబోతుంది, మళ్ళీ సర్దుకుంటుంది. బస్సు నీళ్ళ మీదనే వెళ్తున్నట్టుంది, చప్పుడు లేదు. మధ్యాహ్నాలు ఏం చేస్తున్నావని అడుగుతుంది. పడుకుంటున్నానంటుంది సత్యవేణి. పగలు కునుకే పట్టదు కదా నీకు అంటే, అలవాటు చేసుకున్నానంటుంది. మరిదిగారు రాజమండ్రిలో కూతురి దగ్గరకు వెళ్ళిపోయారనీ, పై వాటాకు తాళం వేశారనీ, తాళంచెవి తన దగ్గరే ఉన్నా ఇంతవరకూ తియ్యలేదనీ చెబుతుంది. హైమకు ఇవన్నీ తెలిసినట్టే ఉన్నాయి, అయినా కొత్తగా వింటున్నట్టు ఊ కొడుతోంది. బతికున్నప్పుడూ అంతే, చెప్పిందే చెప్పినా ఊ కొట్టేది.

బస్సు ఆగుతుంది. యానామేమో, కాదేమో, బయట అంతా తెల్లగా ఉంది. హైమ లేచి కొంగు నడుముకు దోపుకుని మెట్టు దాకా వెళ్ళి, కమ్మీ పట్టుకుని వెనక్కి తిరుగుతుంది.

"అప్పుడు అడిగితే చెప్పలేదు నువ్వు. మనం ఒకింటి కోడళ్ళం కాకపోయుంటే నాతో మాట్లాడేదానివా అక్కా?"

నిజమే, ఒకసారి అడిగింది, పుదీనా తుంచుతూ, తల ఎత్తకుండా. సత్యవేణికి సమాధానం తెలియక కాదు. మొగుడితో కూడా అంత మాట ఎన్నడూ అని ఎరగదు, అందుకని, ముందు నిమ్మకాయ కొయ్యమంది. హైమ కోసింది. మళ్ళీ అడగలేదు.

ఇప్పుడు చెప్పాలి. గొంతులో మాట ఉంది, నాలుక కదలడం లేదు. హైమ ఒక కాలు కింద పెట్టింది, తెల్లటి వెలుగులోకి ఆ పాదం అప్పుడే సగం కరిగింది, గ్లాసులో ఐసు ఎప్పుడు కరిగిపోయిందో, నీళ్ళు మణికట్టు మీదుగా కారుతున్నాయి. సత్యవేణి గ్లాసు వదిలేసి రెండు చేతులతో సీటు కమ్మీ పట్టుకుని, ఒళ్ళంతా కూడదీసుకుని ఆ మాటను బయటికి నెడుతుంది.

"ఎక్కడికొచ్చేదానివే?"

అడిగింది హైమ కాదు. సత్యవేణి కళ్ళు తెరిచింది. ఆదివారం మధ్యాహ్నం, ముందుగది, దివాను. ఎదురుగా కుర్చీలో మొగుడు సూర్యారావు టీవీ చూడడం మానేసి ఆమెనే చూస్తున్నాడు.

"ఏ వీధిలో ఉన్నా వెతుక్కుంటూ వచ్చేదాన్నే అంటున్నావు," అన్నాడు. "నిద్రలో గట్టిగానే అన్నావు."

అయితే మాట బయటికి వచ్చిందన్నమాట. సత్యవేణి లేచి కూర్చుని జుట్టు ముడి వేసుకుంది. మంచినీళ్ళు ఇమ్మంటావా అని అడిగితే వద్దని తల ఊపింది.

"ఎక్కడికి?" అన్నాడు మళ్ళీ.

"పైకండి."

సూర్యారావు తల ఎత్తి, తిరుగుతున్న ఫ్యానునూ, దానిపైన శ్లాబునూ కాసేపు చూశాడు. ఆ తరవాత రిమోటు తీసుకుని టీవీ సౌండు పూర్తిగా తగ్గించాడు. పైనుంచి ఏ చప్పుడూ రాలేదు.