సూర్రావు బాగుచేసిన కంప్యూటరు

కొల్లేరు ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా గాలించినా, పాత కంప్యూటరుకు ఊపిరి పోయడంలో కలిదిండి సూర్రావంతటి మొనగాడు దొరకడు. ఆయన చెయ్యి పడిందంటే చచ్చిన పెట్టె లేచి కూర్చోవలసిందే. ఎలాగో చెబుతాను వినండి.

ఆ కంప్యూటరు సూర్రావు కోడలు అఖిలది. చదువుకునే రోజుల్లో కొన్నది, పెళ్లయ్యాక ఆమెతో పాటే అత్తారింటికి వచ్చింది. దాని మీద ఆమె ఆకివీడు స్టూడియోకి పెళ్లి ఆల్బమ్‌లు తయారుచేస్తుంది. మొగుడు వెంకటసాయి ఎప్పుడూ చేపల చెరువు మీదే. ఆ ఇంట్లో అఖిలకు తనదంటూ ఉన్న పని అదొక్కటే. అలాంటిది కొన్నాళ్లుగా పెట్టె కాసేపు నడిచి టక్కున ఆగిపోతోంది. పెళ్లికూతురి మెడలో తాళి పడేలోపే తెర నల్లబడుతోంది. సోమవారానికి ఆల్బమ్ ఇవ్వకపోతే పని వేరేవాళ్లకు ఇచ్చేస్తామని స్టూడియోవాళ్లు చెప్పేశారు. తాడేపల్లిగూడెంలో ఒక షాపాయన ఫోన్లోనే “పారేసి కొత్తది కొనుక్కోండి” అన్నాడు. వీళ్ల దగ్గరున్న డబ్బు లోపలి సామాను ఒకటీ అరా మార్చడానికే సరిపోతుంది.

ఏలూరులో ఫిన్నీ అనే మెకానిక్కు ఉన్నాడని తెలిసి, సూర్రావు పెట్టెను చేపల థర్మోకోల్ డబ్బాలో సర్దాడు. అఖిలతో పాటు తనూ వస్తానని ఆయన భార్య అచ్చమ్మ కూడా చీర మార్చుకుంది.

“నువ్వెందుకే?” అన్నాడు సూర్రావు.

“మీరు పట్టుకెళ్లింది ఏది తిన్నగా తిరిగొచ్చిందండీ? గ్రైండరు రిపేరుకు తీసుకెళ్లి గొడుగు పట్టుకొచ్చారు.”

బస్సులో కండక్టరు ముక్కు మూసుకున్నాడు. “చేపలకు లగేజీ కొట్టాలండి.”

“చేపలు కాదండీ, కంప్యూటరు.”

“మరి ఈ వాసనేంటండీ?”

“చదువుకున్న చేపలండి,” అన్నాడు సూర్రావు. అఖిల కిటికీ వైపు తిరిగి నవ్వుకుంది. చాలా రోజులకు నవ్వింది.

ఫిన్నీ షాపు ఇరుకుగా, చీకటిగా ఉంది. నిజం ఒప్పుకోవాలి కదా, అక్కడ మన మొనగాడు చేసిందల్లా సెల్‌ఫోన్ లైటు పట్టుకోవడం. అది కూడా ముందు తన కళ్లలోకే కొట్టుకున్నాడు. మరలు విప్పింది, మూత తీసింది ఫిన్నీయే.

మూత తీసి లోపలికి చూసిన ఫిన్నీ తలెత్తాడు. “మేడమ్, ఈ పెట్టెలో ఎవరికైనా పెళ్లి చేశారాండీ?”

లోపల వేడి పోగొట్టే ఫ్యాను రెక్కల మధ్య, దాని కిందా, దుమ్ముతో కలిసి అట్టకట్టుకుని పసుపు బియ్యం! ఫ్యాను కదలడానికి చోటు లేదు. ఒక గింజైతే వానల చెమ్మకు మొలకెత్తి, రెక్క పక్కనుంచి వెంట్రుకంత ఆకుపచ్చ తల బయటపెట్టి చూస్తోంది.

దసరాకు వలకూ పడవకూ అక్షింతలు వేసే అచ్చమ్మ, కోడలు వచ్చిన ఏడాది నుంచి కంప్యూటరుకూ వేస్తోంది. దసరాకే కాదు, అఖిల కొత్త ఆల్బమ్ మొదలుపెట్టినప్పుడల్లా ఓ పిడికెడు. బల్ల ఇరుకని పెట్టెను పడుకోబెట్టే ఉంచారు. గాలి కోసమున్న చిల్లులన్నీ పైకే.

“నేనే చంపేశానమ్మా దీన్ని,” అంది అచ్చమ్మ. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఎప్పుడూ మాట తడుముకోని సూర్రావుకు ఆ క్షణాన ఒక్క హాస్యం కూడా తట్టలేదు.

అఖిల అత్తగారి మోచెయ్యి పట్టుకుంది. “మీరు వేయడం చూస్తూనే ఉన్నానండి అత్తయ్యగారూ. లోపలికి ఇన్ని పోతున్నాయనుకోలేదు.”

“చూస్తూ ఊరుకున్నావా? వద్దని ఒక్క మాట అనొచ్చు కదమ్మా!”

“నేనొచ్చిన మొదటి దసరాకి వలకీ పడవకీ వేసి, ఆ పళ్లెంతోనే నా బల్ల దగ్గరికొచ్చారండి. మనింట్లో అన్నం పెట్టేవాటిలో నాదీ ఒకటి చేరిందనుకున్నాను. ఎలా వద్దంటానండి?”

అచ్చమ్మ కళ్లు తుడుచుకుంది. అప్పటికి సూర్రావుకు నోరు పెగిలింది.

“చూశావా అబ్బాయ్, దీన్ని పడగొట్టింది ఆశీర్వాదం. మా ఆవిడ నన్ను పెళ్లయినప్పటి నుంచీ తిడుతోంది, అందుకే రాయిలా ఉన్నాను.”

“ఇంటికి రండి, చెబుతాను,” అంది అచ్చమ్మ. ఆ గొంతు మామూలైంది.

ఫిన్నీ బ్రష్షుతో గీకి, బ్లోయరుతో ఊది, ఫ్యానును వేలితో తిప్పితే అది గిర్రున తిరిగింది. కొత్త ఫ్యాను అక్కర్లేకపోయింది. ఉన్న డబ్బుతో నత్తలా నడిచే పాత హార్డ్ డిస్కు తీసి, అందులోవన్నీ ఎక్కించి, వేగంగా నడిచే ఎస్సెస్డీ పెట్టాడు, పక్కన ఇంకో ర్యామ్ ముక్క గుచ్చాడు. మీట నొక్కితే సూర్రావు కళ్లజోడు తగిలించుకునేలోపే తెర వెలిగింది.

ఆ సాయంత్రం ఇంట్లో అఖిల ఆల్బమ్ ముందు కూర్చుంది. అచ్చమ్మ వంటింటి గుమ్మం దగ్గరే ఆగిపోయింది, చేతులు కొంగులో దాచుకుని. అది చూసి అఖిల లేచి వెళ్లి, తనే బియ్యంలో పసుపు కలిపి, పళ్లెం తెచ్చి అత్తగారి చేతిలో పెట్టి, తల వంచింది.

“దానికొద్దండి, నాకెయ్యండి. నాకు ఫ్యాను లేదు.”

అచ్చమ్మ ముందు కొంగు పరిచి పెట్టె చిల్లులన్నీ కప్పింది. ఆ తర్వాతే కోడలి తల మీద అక్షింతలు వేసింది. ఆదివారానికల్లా ఆల్బమ్ ఆకివీడు చేరింది. పని అఖిలకే ఉండిపోయింది.

ఇక ఆ మొలక సంగతి. పొట్టు తీసిన బియ్యం మొలవవని మీకూ తెలుసు. మీరు నిలదీయకముందే చెప్పేస్తున్నాను, అది నేను కల్పించిందే. అచ్చమ్మ కంటతడి పెట్టే చోట వినేవాళ్లకు మనసు చివుక్కుమంటుందని ఒక గింజను మొలకెత్తించాను. చదువుకున్న చేపల మాట మాత్రం నిజంగానే అన్నాడు.